తలుపు అవతలి ఔను

సీ అబ్దుల్‌హాదీ చెవుల మీద ఆయన భార్య బతూల్‌కి పెద్ద ఫిర్యాదే ఉంది. దేవదారు తలుపు మూసి ఉన్నా, అవతల గదినిండా ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నా, పెళ్ళికూతురు సిగ్గుతో అన్న "ఔను" ఆ చెవులకి గంట కొట్టినట్టు వినిపిస్తుంది. అదే చెవులకి, వంటింట్లోంచి గొంతు చించుకుని "పుదీనా తెండి" అని అరిస్తే మాత్రం వినపడదు. డాక్టరుకి చూపించుకోండి అంటే, "ఇవి ప్రభుత్వం గుర్తించిన చెవులు" అంటారాయన.

ఆ మాట నిజమే. సెఫ్రూ ఊళ్ళో ఆయన అదూల్, అందరూ గౌరవంగా "సీ" అని పిలిచే మనిషి. పెళ్ళిగానీ, విడాకులుగానీ, ఆస్తి పంపకంగానీ కాగితం మీదికి ఎక్కాలంటే ఇద్దరు అదూళ్ళు పక్కపక్కన కూర్చుని స్వయంగా వినాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక్కరు విన్నది విన్నట్టు లెక్కకాదు. ఇన్నాళ్ళూ ఆ రెండో జత చెవులు సీ తాహర్‌వి. ఈ చలికాలం తాహర్ మోకాళ్ళు మొరాయించాయి. ఆపరేషన్ చేయించుకుని, ఫెజ్‌లో కూతురింట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం అబ్దుల్‌హాదీ ఇంటికొచ్చి, జెల్లబా విప్పి కొక్కేనికి తగిలించకుండా మంచం మీద పడేశారు. ఏదో జరిగిందని బతూల్‌కి అర్థమైంది. ఆమె బాకలా చిక్కుళ్ళు వొలుస్తోంది. గింజ పైతోలు గోటితో చీల్చి, లోపలి పచ్చటి పప్పుని గిన్నెలోకి నొక్కుతూ ఆయనే మొదలెడతారని ఊరుకుంది.

"కాజీగారు నాకు కొత్త జోడీని ఇచ్చారు."

"మంచిదేగా. ఎవరాయన?"

"ఆయన కాదు. ఆమె."

బతూల్ చేతిలో గింజ జారి బండల మీద దొర్లింది.

"తలుపులు చేసే జీలాలీ లేడూ, వాడి కూతురు. నుహైలా. షరియా కాలేజీలో చదివిందట. పరీక్ష పాసైందట. ఆడవాళ్ళు కూడా అదూళ్ళు కావొచ్చని పైన ఉలేమా పండితులంతా ఒప్పుకున్నారట. రాజుగారు ఒప్పుకున్నారట. అందరూ ఒప్పుకున్నారు, ఒక్క నేను తప్ప!"

"మిమ్మల్ని అడగలేదా?"

"నన్నెవరడుగుతారు?"

"పోనీలెండి. అడక్కుండానే మీరూ ఒప్పుకున్నారని రాసేసుకుని ఉంటారు."

ఆయన ఆమెకేసి అనుమానంగా చూశారు. బతూల్ వంగి గింజ ఏరుకుంది.

ఊళ్ళో తక్కిన అదూళ్ళంతా ఏదో ఒక వంకతో తప్పుకున్నారని తర్వాత తెలిసింది. ఒకాయనకి ఒంట్లో బాగాలేదు, ఇంకొకాయనకి జోడీ ఉన్నాడు, మూడో ఆయన మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. జోడీ లేని అదూల్ సగం కత్తెరలాంటిది. అబ్దుల్‌హాదీ కూడా కాదంటే ఆ పిల్ల నియామకపత్రం మడిచి పెట్టెలో పెట్టుకోవాల్సిందే.

"గురువారం తివాచీల లహ్సెన్ కూతురి పెళ్ళి పత్రం ఉంది. ఆ ఒక్కదానికి కూర్చోబెట్టుకుంటాను," అన్నారాయన. "తేడా వచ్చిందా, కాజీగారికి చెప్పేస్తాను. నేను వద్దంటే ఇంకెవరూ రమ్మనరు."

*

మర్నాడు నుహైలా వాళ్ళింటికొచ్చింది. చేతిలో నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ. బూడిదరంగు జెల్లబా, ఇస్త్రీ మడత చెదరలేదు. గుమ్మంలో బూట్లు విప్పి పక్కకి సర్దుతూ, తలుపు అంచుని బొటనవేలితో ఒకసారి తడిమింది. వడ్రంగి కూతురి అలవాటు అది. బతూల్‌కి ఆ పిల్ల అక్కడే నచ్చింది.

అబ్దుల్‌హాదీ పలకరింపులు పూర్తికాకముందే కాగితం, కలం ముందుకు తోశారు. "రాయమ్మా. కౌలు పత్రం. నేను చెబుతాను."

ఆయన కావాలనే తడబడుతూ చెప్పారు, మధ్యలో మాట మార్చారు. అదూల్ రాసిన పత్రంలో కొట్టివేత ఉండకూడదు. పంక్తి చివర ఖాళీ మిగలకూడదు. మిగిలితే తర్వాత ఎవడైనా అందులో ఒక తోటని దూర్చేస్తాడు. నుహైలా ఆయన మాట మార్చినప్పుడు కలం ఎత్తి పట్టుకుంది. ఆయన స్థిరపడ్డాక దించింది. పంక్తి చివర అక్షరం తోకని అంచుదాకా సాగదీసి ఖాళీని మూసేసింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. కళ్ళద్దాలు తీసి చూశారు. కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టారు.

"సిరా కొంచెం ఎక్కువైంది," అన్నారు చివరికి.

"జాగ్రత్తపడతాను సీ."

ఆ వినయానికి ఆయన మెత్తబడ్డారు. మెత్తబడితే తమ పెళ్ళి కథ చెబుతారు. బతూల్‌కి తెలుసు, టీ కెటిల్ అందుకుంది.

"చూడమ్మా, రాయడం ఎవరైనా నేర్చుకుంటారు. వినడం అలా కాదు. పెళ్ళికూతురు లోపలి గదిలో ఉంటుంది. మనం తలుపు దగ్గర నిలబడి అడుగుతాం. లోపల్నుంచి ఔనంటుంది. ఆ ఔనులో భయం ఉందా, ఇష్టం ఉందా, అంతా వినపడుతుంది. మా పెళ్ళికి నేనూ అదూళ్ళ వెనకే నిలబడ్డాను. ఇదిగో, ఈ బతూల్ ఔనంది. గొంతు వణికింది. తేనెపట్టు మీద గాలి వీచినట్టు వణికింది. ఆ రోజే అనుకున్నాను, నేను కూడా ఈ పనే చెయ్యాలని."

"పుదీనా తెస్తాను," అని బతూల్ లేచింది.

కెటిల్‌లో పుదీనా మూత లేచేంత ఉంది. నుహైలా కెటిల్ కేసి చూసింది, వెళ్తున్న బతూల్ కేసి చూసింది. బతూల్ తిరిగొచ్చేసరికి ఆ పిల్ల అడుగుతోంది:

"ఆ తలుపు ఏ కర్రది సీ?"

"దేవదారు. పాతకాలపు తలుపు."

"అయితే బాగా మందంగా ఉంటుంది. మా నాన్న వర్క్‌షాపులో దేవదారు తలుపు అవతల నుంచి అమ్మ పిలిస్తే, అమ్మో అక్కో కూడా మాకు తెలిసేది కాదు."

"మీ నాన్న చెవుల్లో రంపపు పొట్టు పడి ఉంటుంది," అన్నారు అబ్దుల్‌హాదీ.

*

గురువారం లహ్సెన్ ఇంట్లో మగవాళ్ళు పెద్ద హాల్లో, ఆడవాళ్ళు లోపలి గదిలో సర్దుకున్నారు. పొరుగింటి మనిషిగా బతూల్‌ని పెళ్ళికూతురి పక్కనే కూర్చోబెట్టారు. వియామ్‌కి ఇరవై ఏళ్ళుంటాయి. ఆకుపచ్చ కఫ్తాన్ నడుము దగ్గర బిగుతుగా ఉంది. అరచేతుల్లో గోరింట ఇంకా నల్లగా ఉంది. తల వంచుకుని, ఒడిలోని చేతిరుమాలుని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది. ఫెజ్‌లో నర్సు చదువుతున్న పిల్ల. మడతలు ఆస్పత్రి దుప్పటి మడతల్లా ఉన్నాయి.

"ఎంత సిగ్గో చూడండి," అంది వాళ్ళ పిన్ని ఫద్మా, మెచ్చుకోలుగా.

తలుపు మీద చప్పుడైంది. అబ్దుల్‌హాదీ గొంతు ఖంగుమంది. "వియామ్, లహ్సెన్ కూతురా! జవాద్‌ని పెళ్ళాడటం నీకు ఇష్టమేనా?"

ఫద్మా పిన్ని ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది. ఆ ఔను బయటికి రాకముందే తలుపు తెరుచుకుంది. నుహైలా లోపలికొచ్చింది, చేతిలో రాత పలక.

"సలాం. పెళ్ళికూతుర్ని నేను అడుగుతాను."

"పిల్లకి సిగ్గమ్మా. ఆ మాటేదో నేను చెప్పేస్తాను."

"మీకు కూడా పెళ్ళి చెయ్యాలా పిన్నీ? అయితే మీ పేరు కూడా చెప్పండి, రాస్తాను."

గది గొల్లుమంది. ఫద్మా పిన్నికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఆ సందులో నుహైలా, "కాసేపు అందరూ బయట నిలబడతారా? రెండు మాటలే," అంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు బతూల్ టీ పళ్ళెం ఎత్తుకుంది. "బాదం కజ్జికాయలు హాల్లోనే ఉండిపోయాయట, మగవాళ్ళు ఖాళీ చేసేస్తున్నారు," అని ఎవరితోనో అన్నట్టు అంది. గది ఖాళీ అయింది. బతూల్ తలుపు మూసి, పళ్ళెంతో సహా దానికి వీపు ఆనించి నిలబడింది.

నుహైలా నేల మీద, వియామ్ ముందు కూర్చుంది. పలకని పక్కన బోర్లించింది.

"చెప్పమ్మా. ఔనన్నా రాస్తాను. కాదన్నా రాస్తాను. ఏమీ చెప్పకపోతే మాత్రం ఏమీ రాయను."

బయట నుంచి ఫద్మా పిన్ని తలుపు తోసింది. బతూల్ మడమలు తివాచీలో పాతుకుంది. గ్లాసులు గలగలమన్నాయి.

"జవాద్ మంచివాడే," అంది వియామ్, చేతిరుమాలుకే చెబుతున్నట్టు. "కాదనను. కానీ చదువు పూర్తి చెయ్యనిస్తామని సంబంధం కుదిరినప్పుడన్నారు. ఈ పొద్దున్న నాన్న, ఇంక ఫెజ్ మాటెత్తకు, జవాద్ వాళ్ళమ్మకి ఇష్టంలేదు అన్నాడు. ఏడాదిన్నరే ఉంది అక్కా. రాత్రి డ్యూటీ కూడా వెయ్యడం మొదలెట్టారు నాకు." చివరి మాటలో కాస్త గర్వం వినపడింది.

"పెళ్ళి వద్దా?"

"కావాలి. చదువు కూడా కావాలి."

"అయితే అది షరతుగా రాస్తాం. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, పాత గ్రంథాల్లోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. అడిగేవాళ్ళు లేక దుమ్ముపట్టింది." నుహైలా పలక అందుకుంది. "ఇప్పుడు నీ మాటల్లో ఇంకోసారి చెప్పు. గట్టిగా."

వియామ్ తలెత్తి చెప్పింది. బతూల్ వీపు వెనక తలుపు తోయడం ఆగిపోయింది.

*

హాల్లో నుహైలా నిలబడే చెప్పింది. "పెళ్ళికూతురు ఒప్పుకుంది. నర్సు చదువు పూర్తిచేసి ఉద్యోగం చేస్తానన్న షరతు మీద."

లహ్సెన్ ముఖం ఆయన అమ్మే తివాచీల్లో ఎర్రటిదాని రంగుకి వచ్చింది. "సీ అబ్దుల్‌హాదీ! నేను మిమ్మల్ని పిలిచింది పెళ్ళి రాయడానికి, పేచీ రాయడానికి కాదు."

"అమ్మాయ్, ఇది ఇంట్లోవాళ్ళు మాట్లాడుకోవాల్సిన సంగతి," అన్నారు అబ్దుల్‌హాదీ, గొంతు తగ్గించి. "కన్నెపిల్ల మౌనమే ఒప్పుకోలు అని పెద్దల మాట. నువ్వూ చదివే ఉంటావు."

"చదివాను సీ. ఆ మాటకి ముందు, ఆమెని అడగాలి అని ఉంది. అడిగాక కదా మౌనం సంగతి. ఈ అమ్మాయి మౌనంగా కూడా లేదు."

"షరతు లేకుండా రాస్తాను. సంతకం పెడతావా, లేదా?"

"ఆమె అన్నది నేను విన్నాను. వినని మాట మీద సంతకం పెట్టలేను. నన్ను క్షమించండి." గొంతు పెద్దదిగా లేదు.  ఈ మాటతో ఊళ్ళో తన పని మొదలవకముందే ముగిసిపోవచ్చని ఆ పిల్లకి తెలుసు. తలుపు సందులోంచి చూస్తున్న బతూల్‌కీ తెలుసు.

అబ్దుల్‌హాదీ కలానికి మూత పెట్టారు. చెప్పులు తొడుక్కుని, టీ ముట్టకుండా వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక ఆయన ఆగలేదు. "శనివారం కాజీగారి దగ్గరికి వెళ్తాను. తాహర్ వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటానుగానీ, ఆ పిల్లతో వద్దు. నా చెవుల మీద ఆవిడకి నమ్మకం లేదట! ఇన్నేళ్ళలో నేను రాసిన ఏ ఒక్క పెళ్ళినైనా ఎవరైనా తప్పుపట్టారా? తలుపు అవతల ఆడపిల్ల గుండె చప్పుడు వింటాను నేను. నీ ఔను వినలేదా? నీ గొంతు వణకలేదా?"

బతూల్ సాయంత్రపు సూప్‌లోకి కొత్తిమీర తరుగుతోంది. ఈసారి పుదీనా వంక దొరకలేదు. నిజానికి ఆమె వెతకలేదు.

"అది మా హబీబా అత్త," అంది.

"ఏది?"

"ఆ వణికింది. ఆవిడకి ఆయాసం ఉండేది."

ఆయన నవ్వబోయారు. ఆమె తలెత్తకపోవడం చూసి ఆగారు.

"నేను మేడ మీద ఉన్నాను. పరుపుల ఉన్ని ఉతికి ఆరేశాను, మబ్బు పట్టిందని తిరగేస్తున్నాను. అదూళ్ళు తొందరపడుతున్నారట, టీ చల్లారిపోతోందట. నన్ను పిలవడానికి మెట్లెక్కాలంటే అత్తకి మోకాళ్ళు. అందుకని ఆవిడే ఔననేసింది. కింద ఆడవాళ్ళ యూయూ సంబరం కేకలు వినపడి, ఎవరికో పెళ్ళయిపోయినట్టుందే అనుకుని దిగొచ్చాను."



"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరు ఆ కథ బాగా చెబుతారు. తేనెపట్టు సంగతి నాకూ ఇష్టం."

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. అక్కణ్ణుంచే అడిగారు, "నిన్ను పిలిచి అడిగి ఉంటే... ఏమనేదానివి?"

బతూల్ కత్తి పక్కన పెట్టింది. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర కోపంగానీ, బాధగానీ సిద్ధంగా లేవు. ఈ మనిషితో మంచి జీవితమే గడిచింది. నిజాయితీగా ఆలోచించి చెప్పింది.

"అడగలేదుగా. నాకెలా తెలుస్తుంది?"

*

శుక్రవారం మసీదు నుంచి వచ్చి కుస్కుస్ ముందు కూర్చున్నారుగానీ, గుమ్మడిముక్కని పళ్ళెంలో అటూ ఇటూ జరిపారు తప్ప తినలేదు. ఆయనకి ఇష్టమైన ఉల్లిపాయ, కిస్మిస్ తన వైపు నుంచి ఆయన వైపు తోసింది బతూల్. ఆయన చూడలేదు.

శనివారం పొద్దున్న జెల్లబా తొడుక్కుని గుమ్మందాకా వెళ్ళారు. కాజీగారి దగ్గరికే అనుకుంది బతూల్. వెనక్కి తిరిగొచ్చారు.

"పక్కింటి జమీలాని పిలువు."

జమీలా పిండి చేతులతోనే వచ్చింది. ఆయన ఇద్దర్నీ వంటింట్లోకి పంపి తలుపు వేశారు. "ఎవరో ఒకరు ఔననండి. మామూలుగా."

"ఔను," అంది జమీలా, బతూల్ మోచేతి పోటుకి.

"నువ్వే బతూల్," అన్నారు బయట నుంచి.

ఇద్దరూ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకున్నంత పని చేశారు. రెండోసారి బతూల్ అంది. "ఇది జమీలా," అన్నారు నమ్మకంగా. మూడోసారి బతూల్ వేలు పెదవుల మీద పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

"ఇది నువ్వే," అన్నారు అబ్దుల్‌హాదీ.

జమీలా నవ్వు ఆపుకోలేకపోయింది. బతూల్ తలుపు తీసింది. ఆయన తలుపు చెక్కకి చెవి ఆనించే ఉన్నారు. ముఖం చూశాక ఆమెకి నవ్వు రాలేదు. ఆయన నిటారుగా నిలబడి, అరచేత్తో ఆ తలుపుని పైనుంచి కిందికి మెల్లగా తడిమారు. ఆరోజు ఇంకెక్కడికీ వెళ్ళలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం లహ్సెన్ ఇంటి హాల్లో మళ్ళీ అందరూ చేరారు. ఈసారి కబురు పెట్టింది అబ్దుల్‌హాదీయే. ఆయన పక్కన నుహైలా కూర్చుంది. కాజీగారి దగ్గర తన గురించి ఏం మాట పడిందో తెలియని మనిషిలా, పలకని ఒళ్ళో నిలబెట్టి పట్టుకుంది. ఆడవాళ్ళు లోపలి గదిలో ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. బతూల్ వియామ్ పక్కన కూర్చుని చెవులు రిక్కించింది.

"పెళ్ళికొడుకా," అంటున్నారు అబ్దుల్‌హాదీ, "నీ కాబోయే భార్య చదువు పూర్తిచేసి ఉద్యోగం చేస్తానంటోంది. ఇది పత్రంలో రాస్తే నీకు అభ్యంతరమా?"

"నాకా?" జవాద్ గొంతు ఆశ్చర్యంగా ఉంది. "మొదటినుంచీ అనుకున్నదేగా అది. మధ్యలో మారిందని నాకెవరూ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు."

"వాడినీ అడగలేదు," అన్నారు అబ్దుల్‌హాదీ లహ్సెన్‌తో. "మన దగ్గర ఎవర్నీ అడగరన్నమాట."

"అయినా సీ," లహ్సెన్ గొణిగాడు, "మొన్న మీరే కదా, ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి అని..."

 బట్ట రాసుకున్న చప్పుడు. ఆయన లేచి నిలబడుతున్నారని బతూల్‌కి అర్థమైంది.

"మొన్న నేనన్నది తప్పు. మొన్నటిదే కాదు. ఇన్నేళ్ళూ తలుపు అవతల నుంచి ఏ ఆడగొంతు వినపడినా పెళ్ళికూతురిదే అనుకుని సంతకం పెట్టాను. ఎవరి గొంతో చూడలేదు. ఈ అమ్మాయి చూసింది. ఇవాళ్టినుంచి పెళ్ళికూతుళ్ళ మాట ఈమె వింటుంది. ఎదురుగా కూర్చుని వింటుంది. నా జోడీ ఈమే. తాహర్ మోకాళ్ళు బాగైనా ఈమే."

 వియామ్ బతూల్ చెయ్యి పట్టుకుంది. గోరింట రంగు తేలి ఎర్రగా పండింది.

బతూల్ గొంతు సవరించుకుంది.

"సీ అబ్దుల్‌హాదీ!" అంది తలుపు కేసి, హాలంతా వినపడేలా. "లోపలున్నవాళ్ళకి ఏదో గొంతు వినపడింది. ఎవరిదో తెలియలేదు. తలుపు చాటు మాట మేం ఒప్పుకోం."

హాల్లో ముందు నుహైలా నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. తలుపు తెరుచుకుంది. ఆడవాళ్ళు తలగుడ్డలు సర్దుకున్నారు. అబ్దుల్‌హాదీ గడప దగ్గర చెప్పులు విప్పి, తివాచీ మీద నడిచి, బతూల్ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జెల్లబా పట్టుకున్నారు. ఆమె పక్కనే ఖాళీ కెటిల్ ఉంది. బతూల్ పుదీనా కోసం లేవలేదు.

"తప్పు నాదే బతూల్," అన్నారాయన. గొంతు వణికింది. "ఆ రోజు మెట్లెక్కి నేనే వచ్చి నిన్ను అడగాల్సింది."